ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారిందా? రక్తనాళాల వాపేమోనని ఆ రోజే అడగండి

యాభై ఏళ్లు దాటిన మనిషికి ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోయినా, కాసేపు చీకటి కమ్మి మళ్లీ వచ్చినా, తప్పు కంటిలోనే ఉందని అనుకోకండి. ఒంట్లోని ధమనుల గోడలు వాచిపోయి, కంటి నరానికి రక్తం అందక కూడా అలా జరుగుతుంది. ఆ జబ్బు పేరు జెయింట్ సెల్ ఆర్టెరైటిస్. కణతల దగ్గరి ధమనిలో ఎక్కువగా బయటపడుతుంది కాబట్టి టెంపోరల్ ఆర్టెరైటిస్ అని కూడా అంటారు. దీనివల్ల పూర్తిగా పోయిన చూపు చాలా మందికి తిరిగి రాదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ రెండో కన్ను ఇంకా బాగానే ఉంటుంది చూడండి, దాన్ని కాపాడుకోవచ్చు. చికిత్స మొదలుకాకపోతే అది కూడా కొన్ని రోజుల్లోనో, ఒకటి రెండు వారాల్లోనో పోవచ్చు. కాబట్టి ఇక్కడ లెక్క గంటల్లోనే.

మా పెద్దమ్మకు 74 ఏళ్లప్పుడు ఇది వచ్చింది. ఒకరోజు పొద్దున ఎడమ కన్ను దురద పెడితే నలుపుకుంటోంది, ఆ కాసేపు కుడి కంటితో ఎదురుగా గోడ గడియారం చూసిందట. పన్నెండు అంకె కనిపిస్తోంది, ఆరు లేదు. కింది సగం బూడిద రంగు తెర దించినట్టు ఉంది. ఎడమ కన్ను తెరవగానే అంతా మామూలే. అలా ఎప్పటి నుంచి ఉందో ఆమెకే తెలియదు, ఎందుకంటే రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఒకదాని లోటు ఇంకొకటి కప్పేస్తుంది. అంతకు ముందు నెలన్నర పాటు తలనొప్పికి మాత్రలు వేసుకుంది, దవడ నొప్పికి పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లింది, చూపు తేడాగా ఉందంటే కళ్లద్దాలు మార్చారు. ఆ మూడూ ఒకే జబ్బు పనులని మాలో ఎవరికీ తట్టలేదు, చూసినవాళ్లూ చెప్పలేదు. ఆ నెలన్నర మా చేతిలోంచి జారిపోయింది. మీకలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడే చూపు తగ్గి ఉంటే ముందు బయల్దేరండి

ఇది చదువుతున్న సమయంలో మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయి ఉంటే మిగతాది దారిలో చదువుకోవచ్చు. రాత్రి అయినా సరే, సెలవు రోజు అయినా సరే, అత్యవసర విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, కంటి డాక్టర్, జనరల్ ఫిజీషియన్ ఇద్దరూ ఉండేది అయితే మరీ మంచిది. చూపు తగ్గిన మనిషిని బండి నడపనివ్వకండి. వాడుతున్న మందులన్నీ, పాత రిపోర్టులు దొరికినన్ని ఒక సంచిలో వేసుకోండి, వాటిని వెతకడానికి మాత్రం గంట వృథా చేయొద్దు. చూపుతో పాటు మాట తడబడుతున్నా, మూతి వంకర పోయినా, ఒక వైపు చెయ్యి కాలు బలహీనంగా ఉన్నా అది పక్షవాతం కావచ్చు, అప్పుడు అంబులెన్స్ పిలవండి.

బయల్దేరే ముందు ఒక్క నిమిషం పట్టే పని ఒకటి చేయండి. అరచేతిని గుంటలా ఉంచి, కంటి మీద నొక్కకుండా, ఒక కన్ను మూయించండి. రెండో కంటితో గడియారాన్నో, తలుపు చట్రాన్నో చూడమనండి. ఏం కనిపిస్తోంది, ఏది కనిపించడం లేదు? అంతా నలుపా, పై సగమా, కింది సగమా, మధ్యలో మచ్చా, పొగమంచులా ఉందా? తర్వాత రెండో కన్ను మూయించి అలాగే అడగండి. ఒకటికి రెండు వస్తువులు కనిపిస్తున్నాయంటే, ఒక కన్ను మూస్తే ఆ రెండో బొమ్మ పోతుందో లేదో చూడండి. పోతే కళ్లను కదిపే కండరాలకో నరాలకో ఇబ్బంది వచ్చిందని అర్థం, అది కూడా ఈ జబ్బులో కనిపించే హెచ్చరికే. తేడా మొదట ఎప్పుడు తెలిసిందో టైముతో సహా కాగితం మీద రాసుకోండి, ఆసుపత్రిలో టెన్షన్‌లో అదే మర్చిపోతాం.

అన్నిటికంటే మోసం చేసేది చూపు పోయి తిరిగి రావడం. రెండు నిమిషాలో పది నిమిషాలో ఒక కన్ను చీకటైపోయి, ఆ తర్వాత ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. "నీరసం అయ్యుంటుంది", "బీపీ తగ్గి ఉంటుంది" అనుకుని పడుకుంటారు. కానీ కంటి నరానికి రక్తం అప్పుడప్పుడు ఆగుతోందని అది చెబుతున్న మాట, పూర్తిగా ఆగిపోవడానికి ముందు. చికిత్సతో చూపు మొత్తం నిలబెట్టుకునే అవకాశం ఉండేది సరిగ్గా ఈ దశలోనే. తిరిగి వచ్చింది కదా అని ఆగకండి, తిరిగి వచ్చింది కాబట్టే పరిగెత్తండి.

చూపు ఉన్నట్టుండి తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి. రెటీనా (కంటి లోపల వెనక వైపు, బొమ్మను పట్టే పొర) ఊడితే మెరుపులు, నల్లటి చుక్కలు, పక్క నుంచి తెర జరిగినట్టు ఉంటుంది. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు. గుండె నుంచో మెడ ధమని నుంచో గడ్డ వచ్చి రెటీనా ధమనిలో అడ్డుపడితే నొప్పి లేకుండా క్షణాల్లో చీకటి. వయసులో ఉన్నవాళ్లకు కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపిస్తే కంటి నరం వాపు. ఇందులో ఏదైనా ఆ రోజే చూపించాల్సిందే. అంటే జబ్బు ఏదో మీరు తేల్చక్కర్లేదు. వయసు యాభై దాటితే ధమనుల వాపు గురించి ఎవరో ఒకరు ఆలోచించేలా చూడటం, అంతవరకే మీ పని.

లోపల ఏం జరుగుతుంది

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ధమనుల గోడల్లోకి చొరబడతాయి. గోడ వాచి లోపలికి మందం పెరుగుతుంది, రక్తం పారే దారి సన్నబడుతుంది, ఒక్కోసారి మూసుకుపోతుంది. మైక్రోస్కోప్ కింద ఆ గోడలో చాలా కేంద్రకాలున్న పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి, జెయింట్ సెల్ అనే పేరు అందుకే. తల చుట్టూ ఉండే ధమనులు, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయిన బృహద్ధమని, దాని పెద్ద కొమ్మలు ఎక్కువగా దెబ్బతింటాయి. కంటి వెనక నుంచి వచ్చే సిలియరీ ధమనులు అని ఉంటాయి, కంటి నరం కనుగుడ్డులోకి ప్రవేశించే చోటుకు రక్తం ఇచ్చేవి అవే. అవి మూసుకుపోతే ఆ నరం కొస ఆకలితో చచ్చిపోతుంది. కంటి డాక్టర్ లోపల చూసినప్పుడు అక్కడ సుద్దముక్కలా తెల్లగా పాలిపోయిన వాపు కనిపిస్తుంది. ఇంత జరిగినా కన్ను పైకి మామూలుగానే ఉంటుంది, ఎర్రబడదు, నీళ్లు కారవు, చాలాసార్లు కంట్లో నొప్పే ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు అంత తేలిగ్గా తీసుకుంటారు.

ఇదేమీ కొత్తగా పుట్టిన జబ్బు కాదు. 1890లో జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు, కణతల ధమనులు వాచి నొప్పితో టోపీ కూడా పెట్టుకోలేని ఒక వృద్ధుడి గురించి రాశాడు. 1932లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో బేయర్డ్ హార్టన్ దీన్ని ధమని ముక్కలో చూపించి వివరించాడు. టోపీ పెట్టుకోలేకపోవడం అనే ఆ ఆనవాలు ఇప్పటికీ పనికొస్తుంది, టోపీ బదులు దువ్వెన అనుకోండి.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

పెద్దవాళ్లు వీటిని జబ్బుగా చెప్పరు, వయసు మీద వేసేసి ఊరుకుంటారు. "ఏమైనా బాధగా ఉందా" అంటే "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. కాబట్టి ఒక్కొక్కటీ విడిగా, పనులతో ముడిపెట్టి అడగాలి.

ముందు తలనొప్పి. ఎప్పుడూ లేనిది ఈ మధ్య మొదలైందా, లేదా ఎప్పుడూ వచ్చేదానికి ఇది వేరుగా ఉందా? కణతల దగ్గరే ఉండాలని లేదు, తల వెనకాల కూడా రావచ్చు. తల దువ్వుకుంటే మాడు మంటగా, నొప్పిగా ఉందా? దిండు మీద ఒక వైపు తల ఆనించలేకపోతున్నారా? కళ్లద్దాల కాడ తగిలితే నొప్పా? మా పెద్దమ్మ జడ వేసుకోవడం మానేసి వదులుగా ముడి వేసుకోవడం మొదలుపెట్టింది, ఓపిక లేదేమో అనుకున్నాం.

ఇక దవడ. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ జబ్బును పట్టిచ్చే గట్టి గుర్తుల్లో ఇది ఒకటి. నమలడం మొదలుపెట్టగానే నొప్పి ఉండదు. కొంతసేపు నమిలాక దవడ కండరాలు పట్టేసినట్టు నొప్పి వస్తుంది, ఆపితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మళ్లీ నమిలితే మళ్లీ వస్తుంది. పెద్దమ్మ నాలుగు ముద్దలు తిని ఆగేది. చెయ్యి చెంపకు ఆనించుకుని కాసేపు కూర్చునేది, మళ్లీ నాలుగు ముద్దలు. ఆకలి తగ్గిందని మేం అనుకున్నాం, ఆమేమో పంటి నొప్పి అనుకుంది. పంటి నొప్పి అయితే కొరకగానే చురుక్కుమంటుంది, చల్లటిదో వేడిదో తగిలితే లాగుతుంది. దవడ కీలు అరిగితే నోరు తెరిచినప్పుడు చెవి ముందు టక్కుమంటుంది. ఇది అలా కాదు, పని చేసే కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి. నాలుక కూడా అలా నొప్పి పుట్టవచ్చు. ఎక్కువసేపు మాట్లాడితే దవడ అలసిపోతోందన్నా అదే లెక్క. యాభై దాటిన మనిషి నమిలితే దవడ నొప్పి, కొత్త తలనొప్పి అని రెండూ చెబితే, చూపు బాగానే ఉన్నా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

భుజాలు, మెడ, తుంటి దగ్గర పొద్దున లేవగానే బిగుసుకుపోయి, ముప్పావు గంటైనా వదలడం లేదా? చేతులు పైకెత్తి చొక్కా వేసుకోవడం, మంచం మీద నుంచి లేవడం కష్టమవుతోందా? దీన్ని పాలీమయాల్జియా రుమాటికా అంటారు, ఈ ధమనుల వాపుకు దగ్గరి చుట్టం. జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఇదీ ఉంటుంది. ఇప్పటికే పాలీమయాల్జియాకు చిన్న డోసు స్టెరాయిడ్ (వాపును అణిచే మందు, ధమనుల వాపుకూ ఇదే చికిత్స) వాడుతున్నవాళ్లు ఉంటే, ఆ డోసు కంటిని కాపాడుతుందనే ధీమా వద్దు.

ఇంకా కారణం తెలియని సన్నటి జ్వరం, బరువు తగ్గడం, నోటికి ఏదీ సహించకపోవడం, రాత్రి చెమటలు, ఎప్పుడూ నీరసం, కొందరిలో తగ్గని పొడి దగ్గు. కణత మీద వేళ్లు ఆనించి చూడండి. అక్కడి ధమని తాడులా గట్టిగా ఉబ్బి, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, నాడి సరిగా కొట్టుకోకపోతే అది పెద్ద గుర్తు. మామూలుగా ఉందని మాత్రం తోసిపుచ్చకండి. ఈ జబ్బుతో చూపు పోగొట్టుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇవేవీ ముందు కనిపించవు, నేరుగా కన్నే దెబ్బతింటుంది. కాబట్టి ప్రశ్నలన్నిటికీ "లేదు" అనే జవాబు వచ్చినా చూపు పోయిందన్న ఒక్క విషయం చాలు.

వయసు సంగతి కూడా గుర్తుంచుకోండి. యాభై లోపు ఇది దాదాపుగా రాదు, డెబ్భై ఎనభై మధ్య ఎక్కువ, ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఆసుపత్రిలో ఏమని చెప్పాలి

రద్దీగా ఉండే చోట "కన్ను మసకగా ఉంది" అంటే వరసలో కూర్చోబెడతారు. మొదటి వాక్యంలోనే వయసు, టైము, ఉన్నట్టుండి అనే మాట రావాలి. నేను మళ్లీ ఆ రోజుకు వెళ్లగలిగితే ఇలా చెప్పేదాన్ని: "ఆమెకు 74 ఏళ్లు. కుడి కంటికి కింది సగం కనిపించడం లేదని ఈ పొద్దున ఉన్నట్టుండి తెలిసింది. నెలన్నరగా కొత్త తలనొప్పి ఉంది, నమిలితే దవడ నొప్పి వస్తోంది. ఇది జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అయి ఉండొచ్చా? ఈఎస్ఆర్, సీఆర్పీ, ప్లేట్‌లెట్లు ఇప్పుడే చేయిస్తారా? రిపోర్టులు వచ్చేలోగా స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సిన అవసరం ఉందా?"

డాక్టర్‌కు మనం జబ్బు పేరు చెప్పడమేంటని మొహమాటం వేస్తుంది, నాకు తెలుసు. చెప్పడం కాదు, అడుగుతున్నాం. "అయి ఉండొచ్చా" అని మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు, కాదు అనుకుంటే ఎందుకు కాదో చెబుతారు. "వారం తర్వాత రండి" అంటే మాత్రం "ఈలోగా రెండో కంటికి ప్రమాదం లేదని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే అదే రోజు ఇంకో చోట చూపించండి.

పరీక్షలు, వాటి మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి

ఈఎస్ఆర్ అంటే రక్తకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చెప్పే పాత, తేలికైన పరీక్ష. వయసుతో పాటు ఇది మామూలుగానే కొంచెం పెరుగుతుంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి అందులో సగం, అంతవరకు మామూలే అని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 74 ఏళ్ల ఆమెకు 42 దాకా పర్వాలేదు. పెద్దమ్మకు 96 వచ్చింది. సీఆర్పీ అనేది రక్తంలోని ఒక ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష, ఇది ఇంకొంచెం నమ్మదగ్గది, వాపు మొదలవగానే త్వరగా పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు 4 లక్షలు దాటి ఉండటం, హిమోగ్లోబిన్ తగ్గి ఉండటం కూడా అనుమానాన్ని బలపరుస్తాయి. ఈఎస్ఆర్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు, అరుదుగా ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ మామూలుగా ఉన్నవాళ్లలో కూడా ఈ జబ్బు తేలింది. ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణాలతోనూ ఇవి పెరుగుతాయి. అంటే ఈ అంకెలు సాక్షులే, తీర్పు లక్షణాలు వయసు అన్నీ కలిపి డాక్టర్ ఇవ్వాలి.

కంటి డాక్టర్ టార్చి లైటును ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి వేసి కంటిపాప ఎలా ముడుచుకుంటుందో చూస్తారు, చుక్కలు వేసి లోపలి నరాన్ని చూస్తారు. ఆ తర్వాత కణత ధమనికి అల్ట్రాసౌండ్. వాచిన గోడ రక్తనాళం చుట్టూ నల్లటి వలయంలా కనబడుతుంది. నొప్పి ఉండదు, కానీ స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆ వలయం మాయమవుతూ వస్తుంది, కాబట్టి మొదటి వారంలోనే, వీలైతే మొదటి రెండు మూడు రోజుల్లో చేయించాలి.

బయాప్సీ అనగానే క్యాన్సర్ అనుకుని మా ఇంట్లో ఏడుపులే. క్యాన్సర్‌కు దీనికి సంబంధం లేదు. కణత దగ్గర జుట్టు మొదలయ్యే చోట మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి, సెంటీమీటరో అంతకంటే కొంచెం ఎక్కువో పొడవున ధమని ముక్క తీస్తారు. తలకు రక్తం వేరే దారుల్లోనూ అందుతుంది కాబట్టి ఆ ముక్క లేకపోయినా సాధారణంగా ఇబ్బంది రాదు. వాపు ధమని పొడవునా ఒకేలా ఉండదు, మధ్య మధ్యలో మంచి భాగాలు ఉంటాయి, అందుకే ముక్క పొట్టిగా ఉంటే జబ్బు దొరకకుండా పోవచ్చు. బయాప్సీ మామూలుగా వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే చికిత్స ఆపరు.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. బయాప్సీ కోసం స్టెరాయిడ్ ఆపి కూర్చోకూడదు. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల వరకూ బయాప్సీలో జబ్బు గుర్తులు సాధారణంగా దొరుకుతాయి. ముందు మందు, తర్వాత ముక్క.

మందు విషయంలో భయాలు

చూపు ఇప్పటికే దెబ్బతిన్నా, దెబ్బతినబోతున్నట్టు ఉన్నా సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసోలోన్ రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి మూడు రోజులు ఎక్కిస్తారు. ఆ తర్వాత ప్రెడ్నిసోలోన్ మాత్రలు, రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములు. చూపు బాగానే ఉండి జబ్బు అనుమానం ఉంటే నేరుగా మాత్రలతో మొదలుపెడతారు. ఈ అంకెలు మీరు వేసుకోవడానికి కాదు, డాక్టర్ రాసింది చూసి "ఇంత డోసా" అని బెదిరిపోకుండా ఉండటానికి. ఆసుపత్రికి చేరడానికి చాలా సమయం పట్టేలా ఉంటే దారిలోనే ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడండి, మొదటి డోసు అక్కడికి చేరేలోగానే మొదలుపెట్టాలా అన్నది వాళ్లు చెబుతారు.

స్టెరాయిడ్ అనగానే చుట్టాలందరూ భయపెడతారు. షుగర్ పెరుగుతుంది, నిజమే. బీపీ పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, మనసు చిరాకుగా ఉంటుంది, ఇన్ఫెక్షన్లు సులువుగా వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి, శుక్లాలు, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు. ఇవన్నీ నిజాలే, అందుకే ప్రతి ఒక్కదానికీ ముందే ఏర్పాటు చేసుకోవాలి. పెరిగిన షుగర్‌ను ఇన్సులిన్‌తో దించొచ్చు, శుక్లం వస్తే ఆపరేషన్ ఉంది, ఎండిపోయిన కంటి నరానికి మాత్రం ఏ ఆపరేషనూ లేదు. ఈ తూకం పెద్దవాళ్లకు నిదానంగా, ప్రేమగా చెప్పండి, వాళ్లే ఒప్పుకుంటారు.

మందు పడిన ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి, దవడ నొప్పి, భుజాల బిగుతు చెయ్యి పెట్టి తీసేసినట్టు పోతాయి. దాంతో "తగ్గిపోయింది" అని మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నొప్పి పోవడం అంటే మందు పని చేస్తోందని, జబ్బు పోయిందని కాదు. డోసును నెలల తరబడి మెల్లగా దించుకుంటూ వస్తారు, ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. పైగా కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా ఆ హార్మోన్‌ను చేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషనో వేరే జబ్బో వచ్చినప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నామని ముందే చెప్పండి, ఆ సంగతి రాసిన చీటీ పర్సులో ఉంచండి.

స్టెరాయిడ్ తగ్గించడం కష్టమైనవాళ్లకు టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, 2017లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. దానితో స్టెరాయిడ్ త్వరగా దించగలుగుతున్నారు. అది మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ పరీక్షలు చేయిస్తారు. ఆ ఇంజెక్షన్ సీఆర్పీని తనంతట తానే అణిచేస్తుంది కాబట్టి దాన్ని వాడుతున్నప్పుడు సీఆర్పీ బాగుందంటే జబ్బు అదుపులో ఉందని నమ్మేయకూడదు, లక్షణాలనే చూసుకోవాలి.

ఇంటికి వచ్చాక

మాత్రలు పొద్దున ఏదైనా తిన్నాక వేసుకుంటే కడుపుకూ, రాత్రి నిద్రకూ మంచిది. షుగర్ లేనివాళ్లు కూడా మొదటి వారాల్లో షుగర్ చూపించుకోవాలి. కాల్షియం, విటమిన్ డి, ఎముకల మందు అవసరమా అని మొదటి వారంలోనే అడగండి, ఎముక విరిగాక కాదు. కంటి ఒత్తిడి కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. టీకాల గురించి డాక్టర్‌ను అడగకుండా ఏదీ వేయించుకోవద్దు, బతికి ఉన్న క్రిములతో చేసే టీకాలు ఈ డోసులో పనికిరావు. కంటి డాక్టర్ ఒక్కరే కాకుండా రుమటాలజిస్ట్ (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల డాక్టర్) చేతిలో ఈ జబ్బు ఉండటం మంచిది, ఎందుకంటే ఇది ఒళ్లంతటి రక్తనాళాలకు సంబంధించింది. కొందరిలో ఏళ్ల తర్వాత బృహద్ధమని ఉబ్బుతుంది, ఛాతీలో గానీ వీపులో గానీ హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే ఈ జబ్బు ఉందన్న మాట అక్కడ చెప్పాలి.

ఒక కంటితో బతకడం నేర్చుకోవాలి, దానికి కొన్ని నెలలు పడుతుంది. దూరం అంచనా తప్పుతుంది. పెద్దమ్మ గ్లాసులో నీళ్లు పోయాలంటే ముందు చూపుడు వేలు గ్లాసు అంచు మీద పెట్టి, చెంబు మూతిని ఆ వేలికి ఆనించి అప్పుడు పోస్తుంది. ఎవరూ నేర్పలేదు, రెండుసార్లు బయట ఒలికాక తనే కనిపెట్టుకుంది. మెట్ల అంచులకు రంగు టేపు అంటించండి. చూపు లేని వైపు నుంచి హఠాత్తుగా పిలవకండి, ఆ వైపు నడుస్తూ తోడుండండి.

వయసులో ఉన్నవాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. యాభై లోపు రక్తనాళాల వాపు వేరే పేర్లతో వస్తుంది. బృహద్ధమనిని పట్టుకునే టకయాసు జబ్బు ఎక్కువగా చిన్న వయసు ఆడవాళ్లకు వస్తుంది, దాన్ని 1908లో మొదట గుర్తించి చెప్పిన మికిటో టకయాసు కంటి డాక్టరే. నోట్లో పదే పదే పుళ్లు, కన్ను ఎర్రబడి మసక అయితే బెచెట్ జబ్బు అనుమానించాలి. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బులోనూ రెటీనా నాళాలు వాయవచ్చు. వీటన్నిట్లోనూ కన్ను ఉన్నట్టుండి దెబ్బతింటే ఆలస్యం చేయకూడదన్న నియమం ఒకటే.

డోసు తగ్గించే ప్రతిసారీ జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది, ఈ జబ్బులో అది మామూలే. అందుకే రోజూ పొద్దున ఒక కన్ను, తర్వాత ఒక కన్ను మూసి ఒకే వస్తువును చూసే అలవాటు చేయండి. పెద్దమ్మకు ఆ గోడ గడియారమే. కుడి కన్ను అరచేత్తో మూసి ఎడమ కంటితో పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది అని వేలు చూపిస్తూ చదువుతుంది. ఒక్క అంకె మసకగా ఉన్నా, తలనొప్పో దవడ నొప్పో తిరిగి వచ్చినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయాలి. ఎవరికి చేయాలి, వాళ్లు దొరక్కపోతే ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నవి డిశ్చార్జ్ రోజునే డాక్టర్‌ను అడిగి, పెద్ద అక్షరాలతో రాసి గడియారం కింద అంటించాం.